కోరంగి మడ నుండి గ్రాండ్ పోర్ట్ మడ వరకు

గడచిన జూలై మాసంలో ఒక ఆదివారం మా తెలుగు తరగతి పిల్లలను వెంటబెట్టుకొని గ్రాండ్ పోర్ట్ తీరానికి వెళ్ళాము. పోటు తగ్గి, నీరు వెనక్కు పోయిన వేళ అది. తీరం పొడవునా బురదలో కాళ్ళు పాతుకొని నిలిచిన చెట్లను పిల్లలు చూశారు. కొమ్మల నుండి పచ్చని కడ్డీల వంటివి వేలాడుతున్నాయి. ఒక బాలిక వాటిని చూపించి, తనతో వచ్చిన నానమ్మను అడిగింది: "నానమ్మా, ఈ చెట్టును తెలుగులో ఏమంటారు?"

ఆ పెద్దావిడ కొంతసేపు ఆలోచించి, "మనం మాంగ్లియే అంటాం కదమ్మా" అన్నారు. అది క్రియోల్ మాట. తెలుగు మాట ఆమెకు తెలియదు. ఆమె తల్లికి తెలిసి ఉండేదేమోనని నెమ్మదిగా అన్నారు. అక్కడ ఉన్న ఉపాధ్యాయులలో కూడా ఎవరమూ వెంటనే బదులు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేసిన తరువాతనే జవాబు దొరికింది. ఆ చెట్టు పేరు ఉప్పుపొన్న. శాస్త్రజ్ఞులు దానిని రైజోఫోరా మ్యూక్రొనాటా అంటారు. గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి మడ అడవిలో పెరిగే చెట్లలో అదీ ఒకటి.

కోరంగి అన్న మాట వినగానే మారిషస్ తెలుగు కుటుంబాలలో ఎవరికైనా మనసు ఆగుతుంది. మన పూర్వులను ఈ ద్వీపంలో చాలాకాలం "కోరంగీలు" అనే పిలిచారు. ఆ పేరు పెట్టిన రేవు చుట్టూ పెరిగే చెట్టు ఇక్కడ మన ముంగిట్లోనే ఉన్నది. చెట్టు ఉన్నది, మనం ఉన్నాము, మధ్యలో పేరు మాత్రం జారిపోయింది. ఆ పేరు వెనుక ఉన్న కథను ఈ వ్యాసంలో చెప్పాలని అనుకుంటున్నాము. అది విద్యార్థులు తరగతి గది విడిచి, తీరానికి వెళ్ళి, చెట్టును, చేపను, పక్షిని కంటితో చూసి నేర్చుకోవడం అనే పద్ధతి కథ కూడా.

గురువు వెంట నడిచిన విద్యార్థులు

విద్యార్థులను బయటికి తీసుకువెళ్ళి మొక్కలను చూపించే పద్ధతికి ఐరోపాలో గొప్ప పేరు తెచ్చినవాడు స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్. పద్దెనిమిదవ శతాబ్దంలో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న ఆయన వేసవిలో విద్యార్థులను ఊరి చుట్టుపక్కల పొలాలకు, అడవులకు నడిపించుకొని పోయేవాడు. ఒక్కొక్క యాత్రలో వందలమంది పాల్గొన్న రోజులున్నవి. దొరికిన మొక్కలను, పురుగులను, పక్షులను ఒకచోట చేర్చి, వాటి పేర్లు, లక్షణాలు అక్కడికక్కడే వివరించేవాడు. సాయంకాలం బూరలు, డోళ్ళు మ్రోగించుకుంటూ అందరూ ఊరిలోకి తిరిగి వచ్చేవారు. మన ఊళ్ళలో దేవుని ఊరేగింపు ఎలా వచ్చేదో, ఆ ఊరిలో పాఠం అలా వచ్చేదన్నమాట.

అటువంటి గురువు వద్ద చదివిన యోహాన్ కోనిగ్ అనే వైద్యుడు 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. తన గురువు పద్ధతిలో ఈ దేశపు మొక్కలకు పేర్లు పెట్టి, వాటిని వర్గీకరించే పనిని తొలిగా చేపట్టినవారిలో ఆయన ముఖ్యుడు. తరువాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. 1785లో ఆయన కన్నుమూసినది ఎక్కడో తెలిస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. కాకినాడలోని జగన్నాథపురంలో! కోరంగికి అది చాలా దగ్గర. ఉప్సాలా పొలాలలో మొదలైన ఆ నడక గోదావరి మండలపు తీరంలో ఆగింది.

కానీ పాఠం ఆగలేదు. కోనిగ్ చివరి రోజులలో ఆయనకు వైద్యం చేసిన స్కాట్లండ్ దేశీయుడు విలియం రాక్స్‌బర్గ్ అప్పటికే కాకినాడకు కొద్ది దూరంలోని సామర్లకోటలో ఉన్నాడు. 1781 నుండి అక్కడ ఉంటూ ఆయన తోట పెంచాడు, తీరపు మొక్కలను సేకరించాడు, భారతీయ చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలలో 300 ఎంపిక చేసి "కోరమాండల్ తీరపు మొక్కలు" అనే అర్థం వచ్చే పేరుతో లండన్‌లో 1795 మొదలుకొని మూడు సంపుటాలుగా ప్రచురించారు. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయినాడు గాని, ఆయనకు మన దేశపు మొక్కలను పరిచయం చేసిన బడి మాత్రం సామర్లకోటయే.

ఎవరు గురువు, ఎవరు శిష్యుడు?

రాక్స్‌బర్గ్ గ్రంథాలలో ఒక విశేషం ఉన్నది. మొక్కకు లాటిన్ పేరుతో పాటు, తెలుగు పేరును కూడా ఆయన రాసి పెట్టాడు. అప్పటి ఆంగ్లేయులు మన భాషను "తెలింగ" అనేవారు. ఆ పేర్లు ఆయనకు పుస్తకాలలో దొరికినవి కావు. పొలం గట్టు మీద, ఏటి ఒడ్డున, సంతలో జనం చెప్పగా విన్నవి.

విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ కూడా అదే చేశాడు. ఆయన సిరియాలోని అలెప్పోలో వైద్యుడుగా పేరు తెచ్చుకొని, 1782 ప్రాంతంలో తమ్మునితో పాటు విశాఖపట్నం వచ్చాడు. కోనిగ్ మరణించిన తరువాత కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుని పదవి ఆయనకే దక్కింది. పాముకాటుతో జనం చనిపోవడం చూసి, ఏ పాము విషమున్నది, ఏది కాదు అని తేల్చడానికి పూనుకొన్నాడు. 1796లో వెలువడిన ఆయన సర్ప గ్రంథంలో పాములకు తెలుగు పేర్లే ఉన్నాయి. 1803లో విశాఖపట్నపు చేపలు 200 రకాల గురించి మరొక గ్రంథం అచ్చయింది. అందులోనూ చేపలకు ఆయన పెట్టుకొన్నది తీరంలో విన్న పేర్లే.

ఆ పేర్లలో కొన్ని ప్రపంచమంతా తిరిగాయి. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడే పేరు బంగారస్. మన "బంగారు పాము" అన్న మాటయే 1803లో లాటిన్ వేషం వేసుకొని అలా మారింది. వాలుగ చేప పేరు వల్లాగో అయింది. జపాన్‌లో గాని, బ్రెజిల్‌లో గాని ఒక విద్యార్థి ఈ పేర్లు పలికినప్పుడు తనకు తెలియకుండానే తెలుగు పలుకుతున్నాడు.

ఇక్కడ మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ కథలో గురువు ఎవరు? పుస్తకం మీద పేరు రస్సెల్‌ది, రాక్స్‌బర్గ్‌ది. కానీ చేపను చేతికిచ్చి, "అయ్యా, దీనిని ఇలా అంటాము, ఇది ఈ కాలంలో పడుతుంది, దీని ముల్లు తగలకుండా చూసుకోండి" అని చెప్పినవారు వలలు లాగే జాలరులు. పామును పట్టి చూపించినవారు పాములవాళ్ళు. బొమ్మ వేసినవారు మన చిత్రకారులు. ఆ విద్వాంసులు నిజానికి మన తీరంలో విద్యార్థులు. వారికి పాఠం చెప్పినవారి పేర్లు మాత్రం ఏ అట్ట మీదా లేవు. మన పూర్వులు ఏమీ తెలియని కూలీలుగా ఈ ద్వీపానికి వచ్చారని ఎవరైనా అంటే, పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. సంతకం పెట్టలేని చేతులు కూడా వందలాది చెట్లను, చేపలను గుర్తించగలిగి ఉండేవి.

తీర్థయాత్ర అనే పాఠశాల

శాస్త్రజ్ఞులు రాక మునుపు కూడా మనవారు ఆ తీరం వెంట నడుస్తూనే ఉన్నారు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానం చేసే సప్తసాగర యాత్ర గురించి మన ఆలయంలో పెద్దలు అప్పుడప్పుడు చెబుతుంటారు. ఆ యాత్ర పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో తుల్యభాగ స్నానంతో మొదలవుతుంది. ఆ రోజును చొల్లంగి అమావాస్య అంటారు. తరువాతి మజిలీ ఆత్రేయ పాయ కలిసే కోరంగి. చివరి పాయ వాసిష్ఠ, అది అంతర్వేది వద్ద కలుస్తుంది.

ఈ యాత్ర చేసేవారికి పోటు ఎప్పుడు వస్తుందో, బురద ఎక్కడ లోతుగా ఉంటుందో తెలియాలి. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడకూడదని తెలియాలి. భక్తి కోసం నడిచినవారు తీరాన్ని కూడా చదివారు. పుణ్యానికి వెళ్ళినా, చదువుకు వెళ్ళినా, కళ్ళు తెరుచుకొని నడిచినవారికి తీరం పాఠం చెప్పకుండా పంపదు.

రేవు నుండి ఓడ

కోరంగి ఆ కాలంలో పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, మరమ్మతులు చేసేవారు అక్కడ ఉండేవారు. అయితే సముద్రం ఆ ఊరిని రెండుసార్లు ఘోరంగా దెబ్బ తీసింది. 1789 డిసెంబరులో వచ్చిన తుఫాను అలలు వేలమందిని పొట్టన పెట్టుకొన్నాయి. 1839 నవంబరులో మళ్ళీ అటువంటి ఉప్పెన వచ్చి, రేవును, ఓడలను నేలమట్టం చేసింది. ఆ తరువాత కోరంగి పాత వైభవాన్ని తిరిగి చూడలేదు.

మారిషస్‌కు ఒప్పంద కూలీల రాక 1834లో మొదలయింది. ఆ ఏడాది నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది వచ్చిన సంగతిని మనం ప్రతి సంవత్సరం ఆప్రవాసీ ఘాట్ మెట్ల వద్ద స్మరించుకుంటాము. ఉప్పెన వచ్చిన నాలుగేళ్ళకు, 1843లో, "కోరింగా పాకెట్" అనే ఓడ కోరంగి రేవు నుండి తెలుగువారిని ఈ ద్వీపానికి చేర్చింది. విశాఖపట్నం, గంజాం, మద్రాసు ప్రాంతాల నుండి కూడా మనవారు వచ్చారు. కానీ పేరు మాత్రం కోరంగిదే నిలిచింది. బర్మాకు వెళ్ళిన తెలుగువారిని కూడా అక్కడివారు అదే పేరుతో పిలిచారు.

ఓడ దిగినవారికి ఇక్కడి తీరం పూర్తిగా కొత్తగా తోచి ఉండదని మా అభిప్రాయం. ఇసుక మీద పాకే బాలబంది తీగ అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది. మడ అడవి అంచున ఉప్పుపొన్న అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది. చలికాలంలో ఉత్తర దేశాల నుండి కాకినాడ అఖాతానికి వచ్చి, బురదలో పొడుగు ముక్కులతో మేత వెతికే ఉల్లంకి జాతి పక్షులు పోర్ట్ లూయిస్ సమీపంలోని టేర్ రూజ్ ఏటి ముఖద్వారానికీ అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు వస్తాయి. ఆ స్థలాన్ని 2001లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా గుర్తించారు. మనవారు చెరకు తోటలలోకి వెళ్ళిపోయారు. పొలంలో పని, తోటవాడి భాష, అంగడి భాష పెరిగాయి. తీరంతో పని తగ్గిన కొద్దీ తీరపు మాటలు తగ్గాయి. వాడని కత్తికి తుప్పు పట్టినట్లు, పిలవని చెట్టు పేరుకు మరపు పట్టింది.

బురదలో పాదాలు

ఈ ద్వీపంలోనూ ఒక ఉపాధ్యాయుని కథ ఉన్నది. డోడో పక్షి గురించి మన పిల్లలందరికీ తెలుసు. 1598లో డచ్చివారు వచ్చి చూసిన ఆ పక్షిని చివరిసారిగా 1662లో చూసినట్లు ఎక్కువమంది ఒప్పుకొంటారు. వంద సంవత్సరాలైనా నిండకముందే ఒక జాతి మాయమయింది. తరువాత రెండు వందల ఏళ్ళ వరకు, డోడో నిజంగా ఉండేదా అని అనుమానించిన పండితులు కూడా ఉన్నారు.

మాహెబూర్గ్‌లో జార్జ్ క్లార్క్ అనే బడిపంతులు ఉండేవాడు. డోడో ఎముకల కోసం ఆయన ఎన్నో ఏళ్ళు వెదికాడు. 1865లో, ఇప్పటి విమానాశ్రయానికి సమీపంలోని మార్ ఒ సోంజ్ అనే చిత్తడి నేలలో రైలు మార్గం పనుల సందర్భంగా కూలీలు మట్టి తవ్వుతుండగా ఎముకలు బయటపడ్డాయి. రైల్వే ఇంజనీరు ఒకరు ఆ వార్త చెప్పగానే క్లార్క్ అక్కడికి పరుగెత్తాడు. నీటి మధ్యలోకి మనుషులను దింపి వెదికించాడు. వారు ఆ నల్లని నీటిలో నడుస్తూ, వట్టి పాదాలతో తడిమి ఎముకలను గుర్తించారు. ఆ ఎముకల ఆధారంగానే లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు మరుసటి ఏడాది డోడో శరీర నిర్మాణాన్ని వివరించాడు.

విశాఖ తీరంలో జాలరి చేయి, మార్ ఒ సోంజ్‌లో కూలీ పాదం, రెండింటికీ పుస్తకంలో పేరు లేదు. కానీ అవి లేకుండా ఆ పుస్తకాలూ లేవు.

నరికినది, నాటినది

మన తీరాలలో మాంగ్లియే చెట్లను చాలాకాలం వంటచెరకు కోసం, పడవలకు దారి కోసం, ఆ తరువాత కట్టడాల కోసం నరికారు. చెట్టు పోయిన చోట చేపపిల్లలకు నీడ పోయింది, ఒడ్డు కోతకు గురయింది. కోరంగివారికి ఈ పాఠం ముందే తెలుసు. అలకు ఎదురు నిలిచేది మడ వేరే. 1978లో అక్కడి అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. చేపలు పట్టే బావురుపిల్లి, నీటికుక్కలు అక్కడ బతుకుతున్నాయి. ఈనాడు కాకినాడ ప్రాంతపు బడిపిల్లలు చెక్కవంతెన మీద నడుస్తూ ఆ వేళ్ళ మధ్య పీతలను చూస్తారు. మారిషస్‌లో 1990ల దశకం నుండి మడ మొక్కలను తిరిగి నాటడం మొదలుపెట్టారు. 1998 నాటి చట్టం అనుమతి లేకుండా వాటిని నరకరాదని చెప్పింది.

ఉప్పుపొన్న నాటడం పిల్లలు కూడా చేయగల పని. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. మా పిల్లలు చూసిన పచ్చని కడ్డీ అదే. తల్లిని వదిలే నాటికి అది సిద్ధమైన మొక్క. పోటు లేనప్పుడు రాలితే నేరుగా బురదలో దిగబడుతుంది. నీరు ఉన్నప్పుడు రాలితే తేలుతూ పోయి, దూరపు ఒడ్డున నేల దొరికిన చోట వేరు పోసుకొంటుంది. ఇది వివరిస్తుండగా ఒక బాలుడు, "మన ముత్తాతల లాగా" అన్నాడు. మేము చెప్పవలసిన మాట వాడే చెప్పాడు.

2020 జూలై 25న పాయింట్ డెస్నీ వద్ద ఒక పెద్ద సరకు ఓడ పగడపు దిబ్బకు తగులుకొన్నది. ఆగస్టు 6 నుండి దానిలోని నూనె కారి, సుమారు 1,000 టన్నులు సముద్రంలో కలిసింది. బ్లూ బే, ఈల్ ఒ ఎగ్రెత్, మాహెబూర్గ్ తీరం అన్నీ దగ్గరలోనే ఉన్నాయి. మడ చెట్ల వేళ్ళకు నల్లని జిడ్డు పట్టింది. ఆ రోజులలో ఎవరూ ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. విద్యార్థులు, జాలరులు, గృహిణులు, ముసలివారు ఒడ్డున చేరి, గుడ్డ సంచులలో ఎండిన చెరకు ఆకు కూరి, వాటిని పొడవుగా కుట్టి నీటిపై అడ్డంగా పరిచారు. మన పూర్వులను ఈ ద్వీపానికి రప్పించిన చెరకు, వారి మునిమనుమల చేతిలో సముద్రానికి కట్టుగా మారింది.

26 హెక్టార్ల ఈల్ ఒ ఎగ్రెత్ దీవిని 1965 నుండి ప్రకృతి రక్షిత స్థలంగా కాపాడుతున్నారు. 1990 ప్రాంతంలో అడవిలో 10 దాకా మాత్రమే మిగిలిన గులాబీ పావురం ఈనాడు వందల సంఖ్యకు పెరిగింది. అది నివసించే చోట్లలో ఈ దీవి ఒకటి. బడిపిల్లలు అక్కడికి వెళ్ళి, డోడో చూసిన అడవి ఎలా ఉండేదో తెలుసుకొంటారు. చివరి పది పావురాలను చూసి, "ఇక అయిపోయింది" అని ఎవరైనా ఊరుకొని ఉంటే ఈ పావురం కూడా బొమ్మలలోనే మిగిలేది. భాష సంగతి కూడా ఇంతే. చివరి పది మాటలు మిగిలినా, వాటిని పలికేవారు ఉంటే అవి తిరిగి పెరుగుతాయి.

మూడు గడుల పుస్తకం

ఆ ఆదివారం తరువాత మా తరగతిలో ఒక పద్ధతి పెట్టుకొన్నాము. తీరానికి వెళ్ళే ప్రతి విద్యార్థి ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చుకోవాలి. ప్రతి పుటలో మూడు గడులు గీసుకోవాలి. మొదటి గడిలో క్రియోల్ పేరు, రెండవ గడిలో తెలుగు పేరు, మూడవ గడిలో శాస్త్రీయ నామం. పైన తన కంటితో చూసి వేసిన బొమ్మ ఉండాలి. ఆకును తెంపకూడదు, గవ్వను ఇంటికి తేకూడదు, పక్షి గూటి దగ్గరకు పోకూడదు. చూసినది రాయాలి, చూడనిది రాయకూడదు.

రెండవ గడి చాలామంది పుస్తకాలలో ఖాళీగా ఉన్నది. అందుకు ఎవరినీ మందలించలేదు. ఇంట్లో ఉన్న తాతగారిని, నానమ్మను, అమ్మమ్మను అడిగి రమ్మని చెప్పాము. ఫిలావో చెట్టును ఒక తాతగారు వెంటనే "సరుగుడు" అన్నారట. పిల్లవాడు ఆ మాటను పెద్ద అక్షరాలతో రాసుకొని వచ్చాడు. ఉప్పుపొన్న పేరును ఆ బాలిక తన నానమ్మకు తానే నేర్పింది. ఆవిడ దానిని రెండుసార్లు పలికి చూసి, "ఈ మాట మా అమ్మ నోట విన్నట్టే ఉందే" అన్నారట.

వచ్చే అక్టోబరులో పక్షులు వచ్చే కాలానికి టేర్ రూజ్ వెళ్ళాలని సంకల్పించాము. మీ ఇంట్లో చెట్టు, చేప, పిట్ట, పీత, ఆటుపోట్లు, వలలు, పడవలకు సంబంధించిన తెలుగు మాట ఏ ఒక్కటి మిగిలి ఉన్నా, దానిని కాగితం మీద రాసి మా తరగతికి పంపండి. ఉచ్చారణ సందేహమున్నా ఫరవాలేదు, విన్నది విన్నట్లు రాయండి. రెండు వందల ఏళ్ళ క్రితం మన జాలరులు చెప్పిన మాటలను పరాయివారు రాసుకొని దాచారు. ఈసారి మన పిల్లలే రాసుకొంటారు, చెప్పినవారి పేరుతో సహా.